లోతు చూడక మోకు కట్టరాదు

2016 నాటి జాతీయ జలమార్గముల చట్టము గోదావరిని భద్రాచలము మొదలు నాసిక్ వరకు 4వ జాతీయ జలమార్గమున జేర్చినది. కావున లక్సెట్టిపేట రేవు గూడ కాగితముపై ఓడదారియే. ధాన్యము నీటిపై సాగినచో రైతునకు బాడుగ తగ్గును. ఈ సంకల్పమును మేము కాదనము. కాని చట్టము నదిని లోతు చేయజాలదు. వేసవిలో రాయపట్నము వంతెన వద్ద ఇసుకతిన్నెలు తేలుట మనవారెరుగనిది కాదు.

ఇట్టి నదిలో సరకునావలను మోకుతో గట్టి యంత్రనావచే లాగించుట సులభమని తోచవచ్చును. బండి వెనుక గట్టిన దూడ తిన్నగా రాక ఇటునటు ఊగునట్లు, లాగబడు నావయు ప్రక్కలకు జరుగుచుండును. ముందుభాగమున బరువెక్కువైన ఈ ఊపు హెచ్చును; వెనుకభాగము కొంచెము లోతుగా దిగియున్న తగ్గును. తక్కువ నీటిలో మరియొక అపాయము కలదు. నావ అడుగునకును ఇసుకకును నడుమ నీరు వడిగా బారుటచే ఒత్తిడి తగ్గి, నావ మరింత క్రుంగును. వేగము రెట్టింపైన ఈ క్రుంగుబాటు దాదాపు నాలుగు రెట్లగును. అడుగు తిన్నెను దాకినచో వెనుకనావ నిలిచిపోవును. ప్రవాహము లాగు నావను అడ్డము త్రిప్పును. అప్పుడు మోకు ప్రక్కనుండి గుంజి, లాగుచున్న నావనే బోర్లద్రోయగలదు.

గోదావరి ఈ పాఠమును పూర్వమే చెప్పినది. ధవళేశ్వరము ఆనకట్టను గట్టించిన కాటను దొర ఎగువ గోదావరిని సైతము ఓడదారి చేయ నుత్సహించెను. దుమ్ముగూడెమున ఆనకట్టయు లాకులును వెలసినవి. విశేష ధనవ్యయమైన పిమ్మట 1871లో ఆ ప్రయత్నము విడువబడెను. నదిలోని రాతి అడ్డములు దొరల యాజ్ఞలను లెక్కింపలేదు.

1917 నాటి చట్టమునకు మారుగా 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టము నౌకల తనిఖీకిని సరంగుల యోగ్యతకును దారి చూపినది. అది చాలదు. ప్రతి రేవునను నీటిలోతును వారమువారము కొలిచి తెలుగున ప్రకటింపవలయును. నియమిత లోతునకు నీరు తగ్గిననాడు సరకునావ కదలరాదు. ఆపద వేళ మోకును క్షణములో విడిపించు కొక్కెము లేని యంత్రనావకు అనుమతి యీయరాదు. మిసిసిపీ నదిపై సరకునావలను బిగించి కట్టి వెనుకనుండి నెట్టుదురు. ఆ పద్ధతిని ఇచ్చట ముందుగా పరీక్షింపవలయును.

ఓడలెన్ని వచ్చునని మనవారు తరువాత అడుగవచ్చును. ఏ నెలలో ఎన్ని అడుగుల నీరుండునో ముందడుగుదురు గాక! ఆ లెక్క చూపలేని అధికారికి మోకు ముడివేయు హక్కు లేదు.