రైతు పేరు లేని దస్తరము

జమీందారీలు అంతరించినవి గదా, ఇక చల్లపల్లి కథ యేల త్రవ్వవలెనని యడుగువారు కలరు. జమీందారీ పోయినమాట నిజమే. రైతును నేలనుండి వేరుచేసిన యుపాయము పోయినదా? ఇదియే మా ప్రశ్న.

ఆ యుపాయము కత్తి కాదు, కలము. దేవరకోట సంస్థానమని పూర్వము పేరుపొందిన చల్లపల్లి జమీనులో తాత దున్నిన పొలమును తండ్రియు, తండ్రి దున్నినదానిని కొడుకును దున్నుచు వచ్చిరి. 1802 నాటి పర్మనెంటు సెటిల్మెంటు శిస్తు వసూలు చేయువానినే భూస్వామిగా వ్రాసికొన్నది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారగా నేల విలువ పెరిగినది. ఆనకట్ట కట్టినది ప్రజాధనము. మెరకపల్లములను సరిచేసినది రైతు చేయి. పెరిగిన విలువపై పెత్తనము మాత్రము జమీందారునిది!

1908 ఎస్టేట్ల భూమి చట్టము జిరాయితీ నేలపై రైతునకు హక్కు నొసగినది. కాని జమీందారు సొంత కమతమైన సేరీని ఆ హక్కునుండి తప్పించినది. అంతటినుండి రైతు బ్రతుకు ఒక్క ప్రశ్నపై వ్రేలాడినది: ఈ నేల జిరాయితీయా, సేరీయా? ‘సేరీ’ యను రెండక్షరములు దస్తరమున పడెనా, మూడు తరముల సేద్యము నిలువ నీడలేని యేటికౌలగును. 1930ల తుదిని చల్లపల్లి, మునగాల జమీనులలో రైతులు ఊరక తిరుగబడలేదు. ప్రకాశము పంతులుగారి యాధిపత్యమున నేర్పడిన విచారణసంఘము 1938లో భూమికి స్వామి రైతేయనియు, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేయనియు నిర్ణయించినది. మరుసటియేడు మంత్రివర్గము రాజీనామా నిచ్చినది. రైతు మరి తొమ్మిదేండ్లు వేచియుండవలసివచ్చినది. 1948 చట్టము జమీందారీలను రద్దుచేసి రైతునకు పట్టా నిచ్చినది. సొంత కమతమని రుజువైన నేలను జమీందారునకే విడిచినది.

నేడు కృష్ణాడెల్టాలో పరుల పేర నున్న పొలమును దున్నువారెందరు? కౌలుదారు విత్తనము తెచ్చును, ఎరువు కొనును, అప్పు చేయును. 1977 నవంబరు 19 నాటి యుప్పెనను దివిసీమ మరువలేదు. గాలివాన వచ్చిన పంట పోవునది కౌలుదారునికి. ఋణమునకును, నష్టపరిహారమునకును అధికారి వెదకునది దస్తరములోని పేరును. 2011లోను, 2019లోను కౌలుదారులకై చట్టములు చేసిరి. 2019 చట్టము పదునొకండు మాసముల యొప్పందము మాత్రమే కోరుచు, దానికి భూస్వామి సంతకము కావలెనని విధించినది. ఇచ్చువాని దయపై నాధారపడినది హక్కగునా?

సంతకము పెట్టినచో భూమి పోవునని యజమాని భయపడునందురు. పంటపై హక్కే గాని నేలపై హక్కు లేదని చట్టమే చాటగా ఈ భయమునకు ఆధారమేది?

కాగితమున్నవాని గతియు చూడుడు. పాలస్తీనాలో బెత్లెహేము సమీపమున నొక రైతుకుటుంబమునకు తాతలనాటి పత్రములు కలవు. 1991లో ఆ కొండనేల ప్రభుత్వభూమి యని ప్రకటింపబడగా, నాటినుండి వారు చెట్లు నాటుచునే న్యాయస్థానముల మెట్లెక్కుచున్నారు. పత్రములున్నవారికే యింతటి పోరాటమైనచో, ఏ దస్తరమునను పేరులేని మన కౌలుదారు ఏ మెట్టుపై నిలిచి న్యాయమడుగును?

కావున మేము కోరునది స్వల్పము. ఏటేట గ్రామమందు బహిరంగముగా విచారించి, ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యముతో, ఎవరి సంతకముతోను నిమిత్తము లేకయే, దున్నువాని పేరు వ్రాయవలెను. యజమాని పట్టా యజమానికే యుండును. పంట ఎవరిదో ఊరంతయు నెరుగును, ఎరుగనిది దస్తరమొక్కటే. ఆ యజ్ఞానము చల్లపల్లి రైతుల నొక శతాబ్దమునకు పైగా నేడ్పించినది. దానిని మరల పోషించువారు జమీందారీని రద్దుచేసితిమని చెప్పుకొనుటకు అర్హులు గారు.