గృహోపయోగము: పాత పెట్టెలోని పాట
గడచిన సంక్రాంతికి నేను పుట్టినింటికి పోయినపుడు మా మరదలు అటుకమీది పాత సామానులను దింపించి, తూకమునకు వేయుటకై వాకిట పెట్టించుచుండెను. వానిలో మా తండ్రిగారు 2009లో కొనిన డెస్క్‌టాపు కంప్యూటరు గలదు. అది చెడి యేడేండ్లయినది. దానిని చూచినంతనే నా గుండె ఝల్లుమనెను. 2012లో మా యమ్మ పాడిన ఊర్మిళాదేవి నిద్ర పాటను నేనే దానిలో నెక్కించితిని. మరి రెండేండ్లకు అమ్మ స్వర్గస్థురాలైనది. ఆ పాటకు వేఱొక ప్రతి లేదు.

పట్టణములో నొక యంగడివాడు దానిని చూచి, “ఇది చచ్చినది, పారవేయుడు” అనెను. ఆ మాట సగమే నిజము. కంప్యూటరు చెడినంతమాత్రమున దానిలో దాచినవి నశింపవు. అవి హార్డు డిస్కు అనబడు చిన్న లోహపు పెట్టెలో నుండును. ఇల్లు కూలినను లోనున్న భోషాణము చెడవలెనని లేదు గదా!

దానిని వెలికి దీయుట కష్టముకాదు. మొదట కరెంటు తీగను ఊడదీయవలెను. పక్క రేకును విప్పి, చేతితో లోపలి లోహమును ఒకసారి తాకవలెను. ఒంటిలోని స్థిరవిద్యుత్తు దానివలన తొలగును. పిమ్మట డిస్కునకున్న రెండు తీగలను లాగి, మరలు విప్పినచో నది చేతికి వచ్చును.

ఇక నది యే జాతిదో చూడవలెను. వెడల్పైన పట్టీవంటి తీగయు, 40 సూదుల వరుసయు నున్నచో నది పాత ఐడీఈ జాతి. 2003 నుండి వచ్చిన సాటా జాతికి సన్నని తీగ యుండును. మాది సాటా. అంగడిలో జాతి పేరు చెప్పి, దానిని ల్యాప్‌టాపు యూఎస్‌బీ రంధ్రమునకు కలుపు అడాప్టరును అడుగవలెను.

ఇచట నేనొక పొరపాటు చేసితిని. చవుకయని కరెంటు ప్లగ్గులేని యడాప్టరును కొంటిని. తగిలించితిని, డిస్కు కదలలేదు. “అయ్యో, అమ్మ పాట పోయినది” అని యా రాత్రి నిద్రపట్టలేదు. మఱునాడు డిస్కుమీది చీటీని చదువగా, 5 వోల్టులు, 12 వోల్టులు అని రెండును వ్రాసియుండెను. యూఎస్‌బీ రంధ్రము సాధారణముగ 5 వోల్టులనే యిచ్చును. ల్యాప్‌టాపులలోని చిన్న డిస్కునకు అది చాలును. డెస్క్‌టాపుల పెద్ద డిస్కునకు చాలదు. గోడ ప్లగ్గుతో గూడిన యడాప్టరునే కొనవలెనని యప్పుడు తెలిసినది.

దానిని తెచ్చి తగిలింపగానే డిస్కు సన్నగా గిఱ్ఱున తిరిగెను. తిరుగుచున్న డిస్కును కదపరాదు. “ఫార్మాట్ చేయుదునా?” అని తెరమీద ప్రశ్న వచ్చినచో వలదనియే చెప్పవలెను, ఔనన్నచో లోనున్నవి చేజాఱును. పాత ఫోల్డరు తెఱచునపుడు అనుమతి లేదని చెప్పి, కొనసాగింతురాయని యడిగినచో సమ్మతింపవచ్చును. డిస్కు టక్కుటక్కుమని చప్పుడు చేసినచో వెంటనే ఆపి, నిపుణులకు చూపవలెను. దాని మూతను మాత్రము విప్పరాదు. ధూళికణమంత సందైనను లేక లోపలి పళ్లెముమీద చదువు ముల్లు తేలుచుండును.

పాట దొరకినది. నడుమ నొకచోట అమ్మ పాట నాపి, “పొయ్యిమీద పాలున్నాయి, చూడవే” అన్నది. ఆ మాటను నేను మఱచియేపోయితిని. విని మా తండ్రిగారు కన్నులు తుడుచుకొనిరి. అమ్మను చూచియెఱుగని మా మరదలు, “అత్తగారి గొంతు ఇదియా!” అని మరల మరల పెట్టించుకొని వినెను.

పాటను ల్యాప్‌టాపునకు కాపీ చేసి, వేఱొక ప్రతిని పెన్‌డ్రైవులో నెక్కించి తమ్మునియింట నుంచితిని. ఒక్క ప్రతి యున్న వస్తువు పోవుటకు సిద్ధముగా నున్నదే యని యిప్పుడు తెలిసినది.

కావున సోదరీమణులారా, పాత కంప్యూటరును తూకమునకు వేయుటకు ముందు డిస్కును తీసి యుంచుకొనుడు. అందు మీ కుటుంబపు పత్రములు పరులచేత బడకుండుటయు మేలే. అంతకంటె మేలైనది, మీరు మఱచిన పలుకొకటి అందుండవచ్చును.