పాలకేంద్రం ముందు టీవీ

గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో పీజ్ అని ఒక ఊరుంది. దేశంలో టీవీ కేంద్రాలున్న నగరాలను వేళ్ళమీద లెక్కపెట్టగలిగిన 1975లో, ఇస్రో వాళ్ళు ఆ ఊళ్ళో ఒక కిలోవాట్ ట్రాన్స్‌మిటర్ నిలబెట్టారు. చుట్టుపక్కల పల్లెల కోసమే, ఆ పల్లెల గుజరాతీలోనే, పదేళ్ళపాటు సాయంత్రాలు అక్కడి నుంచి కార్యక్రమాలు వచ్చాయి.

ఆ ఏడాదే మన పల్లెలూ తొలిసారి టీవీ చూశాయి. 1975 ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారయ్యేవి. గడువు తీరింది, ఉపగ్రహం వెళ్ళిపోయింది, ఆ ప్రయోగమూ ముగిసింది. పీజ్ ట్రాన్స్‌మిటర్ నేలమీద ఉంది కనుక నిలిచింది.

ఖేడా అంటే అమూల్ పుట్టిన జిల్లా. ఊరూరా పాల సహకార సంఘం ఉంది. ఊరుమ్మడి టీవీలను చాలాచోట్ల ఆ సంఘాల దగ్గరే పెట్టారు. సాయంత్రం పాలు పోయడానికి ఎలాగూ జనం వచ్చే చోటు అది. టీవీ కోసం కొత్తగా జనాన్ని పోగుచేయాల్సిన పని లేకపోయింది. ఇంత తెలివైన ఏర్పాటు మన ప్రసార చరిత్రలో మరొకటి కనబడదు.

అంతకన్నా విలువైనది కార్యక్రమాలు తయారైన తీరు. ఏం తీయాలో అహ్మదాబాదు స్టూడియోలో కూర్చుని నిర్ణయించలేదు. సామాజిక శాస్త్రవేత్తలు ముందు ఊళ్ళకు వెళ్ళి అక్కడి కష్టం ఏమిటో అడిగారు, చూపించాక ఏం అర్థమైందో మళ్ళీ వెళ్ళి అడిగారు. కెమెరా కూడా పల్లెకే వెళ్ళింది. కూలి రేట్లు, అంటరానితనం, తాగుడు, కుటుంబ నియంత్రణ, ఏవీ వదల్లేదు. 'చతుర్ మోటా' వంటి ధారావాహికలు వచ్చాయి. భవాయి, బొమ్మలాట వంటి జానపద రూపాలనూ వాడుకున్నారు. కనీస కూలి ఎంతో చెప్పి ఊరుకోకుండా, అది అందని కూలీనే తెరమీద మాట్లాడించారు. పల్లెకు బోధించే టీవీ మనం చాలా చూశాం. పల్లె చెప్పేది విన్న టీవీ ఇది.

1984లో ఈ కృషికి యునెస్కో గ్రామీణ ప్రసార పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది పీజ్ కేంద్రం మూతపడింది. ఊళ్ళవాళ్ళు వద్దన్నా ఆగలేదు. దేశమంతా చిన్న ట్రాన్స్‌మిటర్లు వేగంగా వెలిసిన కాలంలోనే ఇది జరగడం బాధాకరం. కొత్తవాటికి అప్పగించిన పని ప్రధానంగా ఢిల్లీ కార్యక్రమాలను తిరిగి ప్రసారం చేయడం. అదే యంత్రంతో ఒక జిల్లా తన మాట తాను చెప్పుకోగలదని పీజ్ పదేళ్ళు నిరూపించినా, ఆ దారిని ఎవరూ పట్టించుకోలేదు.

మన దగ్గర ఆ దారిలో నడిచినవాళ్ళు రేడియోలో ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది. చిరుధాన్యాలు, విత్తనాలు, పండుగలు, పాటలు, అన్నీ వాళ్ళ యాసలోనే. 2006లో స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో లైసెన్సులు ఇచ్చేందుకు కేంద్రం ఒప్పుకుంది కనుకే అది సాధ్యమైంది. టీవీకి అలాంటి విధానం ఇప్పటికీ లేదు. మన పట్టణాల్లో లోకల్ కేబుల్ చానళ్ళు ఉన్నాయి. మున్సిపల్ సమావేశాలూ జాతరలూ చూపిస్తున్నాయి, సంతోషమే. కానీ అవి ఆపరేటర్ల వ్యాపారం మీద ఆధారపడ్డవి, ఊరి చేతిలో ఉన్నవి కావు.

రేడియోకు ఇచ్చిన హక్కును టీవీకీ ఇవ్వాలి. సహకార సంఘాలకూ మహిళా సంఘాలకూ సామాజిక టీవీ లైసెన్సు అందేలా చట్టం రావాలని రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో అడగాలి. మీ ఎంపీకి ఈ మాట రాయండి.