మదనపల్లెలో ఐర్లండు నాటకకర్త

జాతీయగీతం పాఠం వచ్చినప్పుడల్లా, 1919లో రవీంద్రులు మదనపల్లెలో దానిని ఆంగ్లంలోకి అనువదించిన సంగతి పిల్లలకు గర్వంగా చెప్పేవాణ్ణి. వారికి ఆతిథ్యమిచ్చిన జేమ్స్ కజిన్స్ గారిని మాత్రం "అక్కడి కళాశాల ప్రిన్సిపాలు, ఎవరో దొర" అని ఒక్క మాటతో దాటవేసేవాణ్ణి. ఆయన నాటకకర్త అని పదవీ విరమణ తరువాతగాని నాకు తెలియలేదు. ఆయనదీ ఆంగ్లేయుల ఏలుబడిలోని దేశమే. అట్టివానిని "దొర" అన్నందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కజిన్స్ 1873లో బెల్‌ఫాస్టులో జన్మించారు. తమ కథలను తమ నటులే ఆడాలన్న జాతీయ నాటకోద్యమం డబ్లిన్‌లో ఆ తరువాతి కాలంలో రూపుదిద్దుకుంది. నటులైన ఫే సోదరులను కవి జార్జి రస్సెల్‌కు పరిచయం చేసినవారు కజిన్సే. ఆ పరిచయం వలన 1902లో రస్సెల్ నాటకం 'డెయిర్‌డ్రె' రంగమెక్కింది. ఆ యేడే ఆ బృందం కజిన్స్ నాటకాలు రెండింటిని ప్రదర్శించింది. 'ది స్లీప్ ఆఫ్ ది కింగ్' పురాగాథ. 'ది రేసింగ్ లగ్' జాలరుల బ్రతుకు. 'సోల్డ్' అనే ప్రహసనం మాత్రం మహాకవి యేట్సుకు నచ్చలేదు. బృందం దానిని పక్కన పెట్టింది. 1904లో ఆబీ రంగశాల తెరుచుకునేనాటికి కజిన్స్ ఆ ఉద్యమానికి దూరమయ్యారు.

యేట్సు ముందు కజిన్స్ ఏపాటి అని కొందరనవచ్చు. కవిత్వంలో నేనూ కాదనను. కాని నాటకం ఒక్కరి పద్దు కాదు. కవినీ నటుణ్ణీ ఒకచోట కూర్చిన మనిషికి చరిత్రలో ఒక వాక్యమైనా దక్కవద్దా? వేదికపై జెండా ఎగురవేసినంతనే అది జాతీయ నాటకం కాబోదు. పురాగాథలోని రాజుకూ పడవ మీది జాలరికీ అక్కడ సమానమైన చోటుండాలి. కజిన్స్ ఆ రెండు నాటకాలతో చేసిన పని అదేనని నా అభిప్రాయం.

ఆయన 1915లో మన దేశానికి వచ్చి, 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే: ఆ పాఠం చెప్పేటప్పుడు, గీతంతోపాటు ఈ నాటకకర్త పేరునూ పిల్లలకు చెప్పండి. నేను చెప్పలేకపోయాను.