పలక మనది, పాట ఎవరిది?

సినిమాల మీద సంపాదకీయం ఏంది, మీకు వేరే పని లేదా అని సంఘం పెద్దలు కొందరు అడగొచ్చు. భూమి కేసులు తెగలేదు, దాడుల కేసులు తెగలేదు, నిజమే. కానీ అంబేద్కర్ జయంతి సభకు పిలిస్తే రాని మన వాడ పిల్లోళ్లు సినిమా రిలీజు రోజు తెల్లారకముందే హాలు దగ్గర ఉంటారు. మేమూ పోయినాం. చూసినాం, ఈలలు కూడా వేసినాం. ఇంటికొచ్చినాక మనకేమి వచ్చింది, ఏమి పోయింది అని లెక్క చూసుకున్నాం. ఈ పక్షం ఆ లెక్కే రాస్తున్నాం.

మొదట 'పుష్ప'. 2021 డిసెంబరులో ఒక భాగం, 2024 డిసెంబరులో రెండో భాగం వచ్చాయి. బాగుందా అంటే బాగుంది, దాచేదేముంది. ఎన్నో ఏళ్లుగా తెలుగు సినిమాలో మన చిత్తూరు మాట అంటే నవ్వించేవాడి మాట, కాదంటే రౌడీ మాట. బళ్లో "వస్తా ఉండా సార్" అన్న పిల్లోడిని "వస్తున్నాను అనరా" అని దిద్దే అయ్యవార్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటనే హీరో నోట్లో పెట్టి రెండు భాగాలు నడిపినారు. మొదటి భాగానికి అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, తెలుగు నటుడికి అది రావడం అదే మొదలు. కూలోడు పెత్తందారు ముందర కాలు మీద కాలేసుకుని కూర్చుంటే మన పిల్లోళ్లు కుర్చీల మీద లేచి నిలబడినారు. తప్పేముంది?

అయితే శేషాచలం కొండ మనకు సెట్టింగు కాదు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలంలో ఆ కొండ దగ్గర 20 మంది కూలీలను పోలీసులు కాల్చి చంపినారు. అందరూ తమిళనాడు పేదలు. తిరువణ్ణామలై, ధర్మపురి వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినోళ్లు. జవ్వాది కొండల గిరిజనులు కూడా వాళ్లలో ఉన్నారు. రాళ్లు, గొడ్డళ్లతో మీదికొచ్చినారని పోలీసులు చెప్పినారు. బూటకపు ఎన్‌కౌంటరని హక్కుల సంఘాలు చెప్పినాయి. ఎర్రచందనం దుంగ ఓడెక్కి చైనా దాకా పోతాది, నరికినోడు కొండ కూడా దిగడు. సినిమాలో కూలీగా మొదలైన పుష్ప సిండికేటుకే యజమాని అవుతాడు. మిగతా కూలీలు? హీరో వెనక గుంపులో నిలబడి ఈలలు వేస్తా ఉంటారు, మన మాదిరే.

ఇంకొక మాట. ఆ హీరో బాధంతా పెద్దింటి తండ్రి ఇంటిపేరు దక్కలేదని. అది చూసి కన్నీళ్లు పెట్టుకున్న తల్లులు మన వాడల్లో ఉన్నారు. ఎందుకో వాళ్లకు తెలుసు, మాకూ తెలుసు. కానీ చివరికి ఆ ఇంటివాళ్లు పిలిచి కలుపుకోవడమే గెలుపుగా చూపించినారు. 1927లో మహద్ చెరువు దగ్గర అంబేద్కర్ అడిగింది చుట్టరికం కాదు, నీళ్ల మీద హక్కు.

ఇదే మన పక్క కథను వేరే తీరుగా చెప్పిన సినిమా 'తంగలాన్'. పా. రంజిత్ తీసినాడు, 2024 ఆగస్టు 15న తెలుగులో కూడా వచ్చింది. 1850ల నాటి ఉత్తర ఆర్కాటు కథ. అరవోళ్ల కథ మనకెందుకు అనేవాళ్లకు ఒకటి చెప్పాలి. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయ్యేదాకా ఉత్తర ఆర్కాటుకు చిత్తూరే ముఖ్య పట్టణం. సినిమాలో కోతకొచ్చిన పంట తగలబడి, పన్ను కట్టలేదని జమీందారు పొలం లాక్కుంటాడు. తంగలాన్ తెల్లదొర వెంట బంగారం వెతకను కోలారు దిక్కు పోతాడు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ అక్కడ గనులు నడిపినప్పుడు ఉత్తర ఆర్కాటు, సేలం, చిత్తూరు పల్లెల నుంచి పోయిన కూలీల్లో మనోళ్లే ఎక్కువ. కుప్పం, వి.కోట వైపు ముసలోళ్లను కదిలించండి, కూలీ లైన్ల కథలు వాళ్లే చెబుతారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగినారు, రాతి దుమ్ము రొమ్ముల్లో నింపుకున్నారు. 2001లో గనులు మూసేసినారు.

'కే.జి.ఎఫ్.' పేరుతో వచ్చిన రెండు భాగాల్లో ఆ జనం ఎవరో వచ్చి విడిపిస్తాడని కాచుకున్న బానిసలు. 'తంగలాన్'లో తవ్వేదీ వాళ్లే, తిరగబడేదీ వాళ్లే. రెండో సగంలో కలలు, మాయలు ఎక్కువై కథ తికమకైంది. ఏందబ్బా ఇది అని మేమూ పక్కవాణ్ణి అడిగినాం. అయినా ఒక ఘట్టం మరిచిపోలేం. తంగలాన్ ఊరి ఆడవాళ్లకు రవికలు తెచ్చిస్తాడు. వాళ్లు తొడుక్కుని ఒకరినొకరు చూసుకుని మురిసిపోతారు. మన అవ్వలు రవిక ఎప్పుడు తొడిగినారో, దానికి ఊర్లో ఎవరు ఏమన్నారో ఇండ్లల్లో అడగండి.

ఇక పాట. 'పుష్ప' రెండో భాగంలో హీరో చీర కట్టి గంగమ్మ జాతరలో ఆడతాడు. మాకూ ఒళ్లు జలదరించింది. ఆ వేషం తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరది. ఏటా మే నెలలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకొక వేషం. ఆడవాళ్లను చెరిచే పాలెగాణ్ణి గంగమ్మ వెతికి తల నరికిన కథ అది. తోటి అంటే ఊరి వెట్టి మోసిన మన తాత. మాతంగి అంటే మాదిగింటి ఆడబిడ్డ. వాళ్ల వేషం కట్టే హక్కు మాత్రం వేరే ఇళ్లది, మన వంతుకు వచ్చింది పలక.

ఆ పలక మీద మనలో పాత తగాదా ఉంది. సావుకు కొట్టించి, దూరంగా కూర్చోబెట్టి కూడు పెట్టిన పలకను పారేయాలని ఒకరు, అది మన చదువు అని ఇంకొకరు. పారేసినవాళ్ల కోపాన్ని మేము తప్పు పట్టం. కానీ చెన్నైలో 2018 జనవరిలో 'కాస్ట్‌లెస్ కలెక్టివ్' పిల్లోళ్లు వేదిక ఎక్కి కులం మీదే పాడినారు. వాళ్లలో ఒకడైన అరివు, తేయాకు తోటల్లో బతుకు అరగదీసిన తన అవ్వను తలుచుకుని రాసిన 'ఎంజాయ్ ఎంజామి' 2021లో ప్రపంచమంతా తిరిగింది. అదే ఏడాది ఒక సంగీత పత్రిక ఆ పాట పేరు చెప్పి ముఖచిత్రం వేస్తే అందులో అరివు బొమ్మ లేదు. గొడవ చేసినాకనే వేరేగా వేసినారు.

మన దగ్గరా అంతే. జాతర కరపత్రంలో చందా ఇచ్చినోళ్ల పేర్లన్నీ ఉంటాయి, రాత్రంతా మంట దగ్గర పలక కాచి కొట్టినోడి పేరు ఉండదు. డప్పు కళాకారులకు సర్కారు పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. అర్హత ఉన్నోళ్లు వదలొద్దు. ఆ కాగితం మీద కళాకారుడు అని రాసుంది కదా, జాతర కమిటీ ముందర కూడా అదే మాట మీద నిలబడండి. అచ్చారం ముందే తీసుకోండి. దళం పేరు కరపత్రంలో వేయమనండి. అందరితోపాటు బంతిలో కూర్చునే అన్నం తినండి. సావుకు రాము అంటే జాతరకూ వద్దు అని బెదిరించే ఊర్లు ఏవో, ఎంతకు ఒప్పుకుని ఎంత ఎగ్గొట్టినారో మాకు రాసి పంపండి, వచ్చే సంచికల్లో వేస్తాం.