ముడసర్లోవ కట్ట

విశాఖపట్టణవాసులకు ముడసర్లోవ యనగానే ఉద్యానవనము జ్ఞప్తికి వచ్చును. సెలవుదినములందు బిడ్డలతోను, కార్తికమాసమున బంధుమిత్రులతో వనభోజనములకును అచ్చటికి పోవువారు వేలకొలది గలరు. కొండల నడుమ నిలిచిన నీటిని చూచి వారందఱు సంతోషింతురు. ఆ నీటిని నిలిపియున్న కట్ట ఎట్లున్నదని విచారించువారు మాత్రము అరుదు. ఈ యుదాసీనతను గూర్చియే నేడు మేము పాఠకులకు విన్నవింపదలచితిమి.

ఈ జలాశయము విహారార్థము పుట్టినది కాదు. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో పట్టణమునకు త్రాగునీరిచ్చుటకై దీనిని నిర్మించిరి. నాడు విశాఖ ఒక చిన్న పట్టణము. 1933లో ఓడరేవు తెఱవబడినది. తదుపరి ఉక్కు కర్మాగారము వచ్చినది. 1979లో నగరపాలక సంస్థయు, 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థయు ఏర్పడినవి. ఆరిలోవ ప్రాంతమంతయు ఇండ్లతో నిండిపోయినది. 2018లో ఈ నీటిమీదనే రెండు మెగావాట్ల తేలియాడు సౌరవిద్యుత్ ఫలకములను అమర్చిరి. పరిసరము లింతగా మాఱినను, నీటిని ఆపవలసిన భారము ఆ పాతకట్టదే. కట్ట బలము తగ్గకున్నను, దాని సమీపమున నివసించు జనసంఖ్య పెరిగినకొలది అపాయమును పెరుగును. ఈ సత్యమును మన నగరపాలకులు మఱువరాదు.

చెఱువుకట్టల రక్షణము ఆంధ్రులకు క్రొత్త విద్య కాదు. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో కడపసీమయందలి పోరుమామిళ్లలో త్రవ్వించిన చెఱువువద్ద నిలిపిన శాసనము, మంచి చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆఱు దోషములను చెప్పుచున్నది. ఆ దోషములలో కట్టనుండి నీరు ఊటగా కాఱుట మొదటిది. చెఱువు రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మఱియొకటి. నేటి వాస్తుశాస్త్రజ్ఞులును మట్టికట్టలకు రెండు మృత్యుద్వారములను చెప్పుదురు. ఊట లోలోపల మట్టిని కొంచెము కొంచెముగా కొనిపోయి సొరంగము చేయుట యొకటి. అలుగు చాలక వఱదనీరు కట్టమీదుగా పొర్లుట రెండవది. చెట్లవేళ్లును, ఎలుకల బొఱియలును మొదటిదానికి దారితీయును. అలుగులో పూడికయు, చెత్తయు, అక్రమకట్టడములును రెండవదానికి దారితీయును. ఇక సరిహద్దు దోషము మాట. రాజ్యములు రెండు లేకున్నను శాఖలు రెండున్నచో చాలును. నీరొకరిది, తోట యింకొకరిది, విద్యుత్తు వేఱొకరిది యైనచోట కట్ట యెవరిదియు కాకుండ పోవచ్చును.

ఉపయోగము మాఱిన కట్ట ఎట్టి ముప్పు తేగలదో అమెరికాదేశపు జాన్స్‌టౌన్ నగరము చూపినది. ఆ నగరమునకు ఎగువనున్న సౌత్‌ఫోర్కు ఆనకట్టను మొదట పడవల కాలువకు నీరిచ్చుటకు కట్టిరి. పిదప అది ధనవంతుల విహారసంఘము చేతిలో పడినది. అడుగుతూముల గొట్టములు అంతకుముందే తొలగింపబడియుండగా, సంఘమువారు వానిని మరల అమర్చలేదు. బండ్లు నడచుటకు కట్టతల తగ్గించిరి. చేపలు పోకుండ అలుగునకు తెరలు కట్టిరి. 1889 మే 31న పెనువాన కురిసి ఆ తెరలు చెత్తతో మూసికొనిపోయినవి. నీరు కట్టమీదుగా పొర్లి గండి పడినది. 2,200 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

అంత దూరము పోనక్కఱలేదు. 2021 నవంబరు 19న మన రాష్ట్రముననే చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయి పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములు శోకసముద్రమున మునిగినవి. ఐదు తలుపులలో ఒకటి తెఱవబడలేదని కేంద్ర జలశక్తి మంత్రి పార్లమెంటున చెప్పిరి. ఆ సంవత్సరముననే దేశమునకు ఆనకట్టల భద్రతాచట్టము వచ్చినది. ఆ చట్టము 15 మీటర్లకు పైబడిన ఆనకట్టలకును, 10 నుండి 15 మీటర్ల వఱకు ఎత్తుండి కొన్ని నియమములకు లోబడినవానికిని వర్తించును. అంతకు తక్కువ ఎత్తుగల చిన్నకట్టలు దేశమున అసంఖ్యాకములుగా దాని నీడకు వెలుపల నిలిచియున్నవి. కాని నీరు పల్లమెఱుగునే కాని చట్టపు కొలతల నెఱుగదు. కట్టక్రింద నిదురించు గృహస్థునకు పది మీటర్ల కట్ట వేఱు, తొమ్మిది మీటర్ల కట్ట వేఱు కావు.

మేము ప్రజలను బెదరించుచున్నామని కొందఱనవచ్చును. ముడసర్లోవ కట్ట కూలబోవుచున్నదని మేము చెప్పుట లేదు. అది ఇన్ని తుపానులకు తాళినదన్న మాట నిజమే. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తాకిడిని సయితము చూచినది. కాని నిన్న నిలిచినదన్నమాట రేపు నిలుచునన్నదానికి హామీ కాజాలదు. కట్ట సురక్షితమైనచో ఆ మాటను పరీక్షాపూర్వకముగ ప్రజలకు చెప్పుటవలన నగరపాలకులకు నష్టమేమి? పరీక్షకగు వ్యయము ఉద్యానపు అలంకారముల వ్యయముకంటె ఎక్కువ కాబోదు.

కావున మా కోరికలు స్వల్పములు. ఏటేట నైరుతి ఋతుపవనములకు ముందొకసారియు, తుపానుల కాలమగు అక్టోబరునకు ముందొకసారియు నిపుణులచే కట్టను, తూమును, అలుగును పరీక్షింపజేయవలయును. ఆ పరీక్షాఫలితమును తేటతెలుగున వ్రాయించి ఉద్యానద్వారముననే ప్రకటింపవలయును. అలుగునీరు పోవు దారిని కొలిపించి, అందు ఏ కట్టడమునకును అనుమతి నీయరాదు. గండి పడినచో నీరు ఏ వీధులను ముంచునో చూపు పటమును సిద్ధపఱచి, ఆ వీధులవారిని హెచ్చరించు మార్గమును ముందే నిర్ణయింపవలయును. అన్నిటికిని మించి, కట్టకు బాధ్యుడగు అధికారి యొక్కడే యుండవలెను. అతడెవరో ప్రజలెఱిగి యుండవలెను.

పౌరులకును కర్తవ్యము కలదు. వనభోజనమునకు పోయినవారు కట్టవైపు కూడ కన్నెత్తి చూడుడు. క్రొత్తగా తడి కనబడినను, మట్టి క్రుంగినను, అలుగున చెత్త పేరుకొన్నను ఆనాడే అధికారులకు తెలుపుడు. గండి పడిన పిదప విచారణసంఘములను నియమించుట మన దేశమున సులభము. గండి పడకముందు గంపెడు మట్టి వేయించుటయే నేర్వవలసిన రాజనీతి.