అభ్రకము పోయినది, వజ్రమైనను దక్కునా?

గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతముల అభ్రకము లోకప్రసిద్ధము. అభ్రకపు రేకుపై వెండిని పలుచగా పూసి రేడియోయంత్రములకు కండెన్సర్లు చేసెడివారు. 1939-45 నాటి మహాయుద్ధమున అభ్రకమునకై సీమదేశములు తహతహలాడినవి. గనిలోనికి దిగినవారు మనవారు. పూత నేర్చి లాభించినవారు పరులు. మన కాకిబంగారము వారికి మేలిమి బంగారమైనది.

నేడు అదే పూతవిద్య వజ్రము కడకు వచ్చినది. వజ్రమనగానే మనకు కొల్లూరు, వజ్రకరూరు జ్ఞప్తికి వచ్చును. శాస్త్రజ్ఞులు చూచుచున్నది తళుకును గాదు. వజ్రము రాగికంటె సుమారు 5 రెట్లు వేగముగా వేడిని ప్రసరింపజేయును. ఎలక్ట్రానిక్ పరికరములలో పుట్టు వేడిని లాగివేయుటకు దానికి సాటివచ్చునవి అరుదు. కాని పరికరమునకు వజ్రము నతికింపవలెనన్న నడుమ లోహపుపూత కావలెను. చిక్కంతయు నచ్చటనే యున్నది.

గాలి తీసివేసిన పాత్రలో బంగారమును ఆవిరిచేసి వజ్రముపై పడనిచ్చినచో, అది పొరగా పఱచుకొనదు. తామరాకుపై నీటివలె బొట్లుబొట్లుగా నిలుచును. బంగారపు పరమాణువులకు తమలో తమకుగల మక్కువ వజ్రముమీద లేదు. బొట్లు పెరిగి, ఒకదానినొకటి తాకి పొరయైనను పట్టు చాలదు, సులువుగా ఊడివచ్చును. టైటానియము, క్రోమియము అట్టివి కావు. వేడిచేసినప్పుడు అవి వజ్రమునందలి కర్బనముతో కూడి, కార్బైడను సన్నని పొరయై గట్టిగా పట్టుకొనును. కావుననే ముందు టైటానియము, దానిపై ప్లాటినము, ఆపైని బంగారము పూయుదురు. టైటానియమును బంగారమును కలిసిపోకుండ ప్లాటినము అడ్డుగోడ. వజ్రపు ముఖమును హైడ్రొజను కప్పినదా, ఆక్సిజను కప్పినదా యనుదానినిబట్టియు లోహమునుండి విద్యుత్తు నడక మారును.

పెద్ద పేర్లకు బెదరనక్కరలేదు. కళాయి వేయువాడు నవాసాగరము చల్లి తుడువనిదే ఇత్తడికి తగరము పట్టదని మన యిండ్ల ఆడువారెల్ల నెఱుగుదురు. ప్రయోగశాలలోని పనియు నా జాతిదే.

2023 కేంద్ర బడ్జెట్టులో కృత్రిమవజ్రముల పరిశోధనకు 5 ఏండ్ల గ్రాంటు ప్రకటింపబడినది. ఆ పని మద్రాసు ఐ.ఐ.టి.కి అప్పగింపబడినది. చెన్నపట్టణము మనకెంత దూరము? కొయ్యచెంచాలు చెక్కి భౌగోళికగుర్తింపు గడించిన ఉదయగిరి చేతులకు నేర్పులేదనువాడెవడు? ఉదయగిరి, ఆత్మకూరు ఉన్నతపాఠశాలలకు పనిచేయు ప్రయోగశాలలును, తెలుగున చదువదగిన భౌతికశాస్త్రగ్రంథములును కావలెను. పఠనమందిరములవారు తమ అర్జీలలో రోడ్లతోపాటు వీనినిగూడ చేర్పవలెనని కోరుచున్నాము. మంజూరు కాగితము కంటబడువఱకు వాగ్దానములను మేము లెక్కింపము.